నేను ఎక్కించిన మూడు పట్టీలు

ఆ ఉదయం మిల్లు ఆవరణలో ఉన్నవాళ్లు: మా అన్న, వదిన, మిల్లు యజమాని, లారీ డ్రైవరు, పెద్ద హమాలీ, నేను. ఉన్న వస్తువులు: యుద్ధకాలం నాటి మిలిటరీ లారీ ఒకటి, జాకీ ఒకటి, స్పానర్లు నాలుగు, సుత్తులు రెండు, రంపం బ్లేడ్లు మూడు, బస్తాలెక్కించే పొడవాటి చెక్క ఒకటి. ఆ చెక్క మీద అన్న వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ముందు రోజు సాయంత్రం నుంచి అలాగే ఉన్నాడు.

అన్న ఆ మిల్లులో హమాలీ. వడ్ల బస్తా వీపు మీద పెట్టుకుని చెక్క ఎక్కుతూ పై నుంచి పడ్డాడు. అతను పడ్డాక బస్తా అతని నడుము మీద పడింది. పోతనాళ నుంచి సైకిలు మీద వచ్చిన కాంపౌండరు అన్న పాదాలు పట్టుకుని చూశాడు. నన్ను పక్కకు పిలిచాడు.

"నడుములో ఎముక విరిగింది. కాలివేళ్లు కదుల్తున్నయ్ గదా, నరం ఇంకా తెగలే అనుకుంట. కుదుపు తగిల్తె మాత్రం నాకు తెల్వదు. రేపు పొద్దుగూకేలోపల రాయచూరు పెద్దాసుపత్రికి చేరాలె. పండబెట్టే తీస్కపోవాలె, లేపి కూసోబెట్టొద్దు."

ఆ రాత్రి నేను దారులన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. బస్సు: పోతనాళ దాకా వెళితేనే దొరుకుతుంది, తలుపులోంచి ఈ పొడవాటి చెక్క దూరదు. ఎద్దుల బండి: రెండు రోజులు. కాలవ డిపార్టుమెంటు జీపు: డ్యాము వైపు వెళ్లింది, ఉన్నా కాళ్లు చాపే చోటు లేదు. మిగిలింది లారీ. లారీ పక్కన నేను ఏమీ రాయలేకపోయాను. ఆ లారీ కమాన్ల సంగతి, అంటే ఇరుసుల మీద బరువు మోసే స్ప్రింగుల సంగతి, నాకంటే ఎక్కువ తెలిసినవాడు ఆ చుట్టుపక్కల లేడు.

రెండు నెలల ముందు సంగతి చెప్పాలి. నేను మెకానికల్ డిప్లొమా చదివి ఇంటికి వచ్చి ఉన్నాను. ఉద్యోగం రాలేదు. మా ఊరికి రెండు మైళ్ల దూరంలో కోస్తా నుంచి వచ్చిన రైతుల క్యాంపు, అందులో ఈ మిల్లు. లారీ కాలవ గట్టు మీద నడిచేటప్పుడు నీళ్ల వైపు ఒరుగుతుందని యజమాని చాలాకాలంగా భయపడుతున్నాడు. అన్న నన్ను తీసుకుపోయి, "మా తమ్ముడు ఇంజినీరు సావుకారీ, సూపియ్యుండ్రి లారీ" అన్నాడు. ఇంజినీరు కాదు, డిప్లొమా అని నేను సవరించబోతే, "మూస్కో. రెండూ చదువులే" అన్నాడు.

వెనక కమాన్లలో ఒక్కో వైపు తొమ్మిది ఉక్కు పట్టీలు ఉండేవి. కొన్ని వాలిపోయాయి. సింధనూరులో తుక్కుకు పడి ఉన్న ఇంకో లారీ నుంచి పట్టీలు తెప్పించి, కమ్మరితో కొలిమిలో కాల్పించి వంపు సరిచేయించి, ఒక్కో వైపు మూడు ఎక్కించాను. మొత్తం పన్నెండు. నీళ్ల వైపు, అంటే ఎడమ కమాన్ మీద, నాకు ఎక్కువ భయం. అక్కడ నట్లు వదులవకూడదని బోల్టు కొసలన్నీ సుత్తితో కొట్టి పువ్వులా విచ్చగొట్టాను. మా పాఠాల్లో అది ఉంది. ఒకసారి అలా కొడితే ఆ నట్టు మళ్లీ విప్పడానికి రాదని కూడా ఉంది.

లారీ మారిపోయింది. అరవై బస్తాలతో గట్టు మలుపు తిరిగితే పక్కకు వాలేది కాదు. డ్రైవరు కిందికి దిగి నా వీపు చరిచాడు. యజమాని మాత్రం లెక్క చూసుకుని, ఇంకో వరస బస్తాలు వేయండన్నాడు. ఆరు వరసలు ఏడయ్యాయి. ఆరు వరసలప్పుడు చెక్కకు ఒక వాలు ఉండేది. ఏడో వరసకు అదే చెక్క నిచ్చెనలా నిలబడింది. పొడుగు చెక్క చేయించాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. అన్న పడింది ఏడో వరసకు ఎక్కుతూ.

తెల్లవారగానే నేను ఒక పరీక్ష పెట్టాను. ఇత్తడి చెంబు నిండా నీళ్లు పోసి, ఖాళీ లారీలో వెనక ఇరుసు మీద పెట్టి, కాలవ తూము దాకా పోయి రమ్మని డ్రైవరుకు చెప్పాను. రెండు ఫర్లాంగులు కూడా ఉండదు. తిరిగి వచ్చాక చూస్తే చెంబులో ఒక వేలు లోతు నీళ్లున్నాయి. లారీ ఏడు వరసల బరువు కోసం తయారైంది. బరువు లేకపోతే అది చిన్న రాయికి కూడా ఎగిరి పడుతుంది.

వదిన చెంబులోకి తొంగి చూసింది. "ఆ నీళ్ల తీరుగనేనా తమ్మీ ఈయన?" అంది.

నేను జాకీ తీసుకుని లారీ కిందికి దూరాను. ఎక్కించిన పట్టీలు మూడూ తీసేస్తే కమాన్ పాత మెత్తదనానికి వస్తుంది. కుడి వైపు రెండు గంటల్లో అయింది. పట్టీలు ఒకదాని మీద ఒకటి బిగిసి ఉంటాయి, విప్పగానే ఎగిరి కొడతాయి. ఒకటి నా మోచేతిని కోసింది. లెక్కచేయలేదు. ఎడమ వైపుకు వెళ్లాను. స్పానరు వేసి నేనూ డ్రైవరూ ఇద్దరం వేలాడాం. నట్టు కదల్లేదు. విచ్చగొట్టిన బోల్టు కొసల మీద నా సుత్తి దెబ్బలు ఇంకా కొత్తగా మెరుస్తున్నాయి.

రంపంతో కొయ్యడం మొదలుపెట్టాను. మొదటి బ్లేడు పావు వంతు కోసి విరిగింది. రెండోది ఇంకా తొందరగా విరిగింది. అప్పుడు ఆలోచన వచ్చింది: కోసినా ఆ బోల్టులకు బదులు పెట్టడానికి కొత్తవి ఎక్కడున్నాయి? క్యాంపులో లేవు. పోతనాళలో లేవు. కింద పడుకుని ఆ ఇనుము వైపు చూస్తూ ఉండిపోయాను. పడమట మబ్బు పట్టింది. వాన పడితే నల్లరేగడి దారిలో ఏ బండీ కదలదు.

చెక్క మీద నుంచి అన్న పిలిచాడు. "ఏందిరా, పండుకున్నవా కింద?"

"లేదన్నా. ఎడమ పక్క ఊడొస్తలేదు."

"ఎవడు బిగిచ్చిండురా గంత గట్టిగ? వాన్ని పిలిపియ్."

డ్రైవరు నవ్వబోయి ఆగిపోయాడు. అన్న పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ముందు రోజు నుంచి అతనికి మూత్రం రాలేదు. వదిన ఆ సంగతి నాకు ఒక్కసారే చెప్పింది, తల తిప్పుకుని.

అప్పటిదాకా పెద్ద హమాలీ ఒక మాట కూడా మాట్లాడలేదు. యాభై ఏళ్లుంటాయి, అన్నకు పని నేర్పింది ఆయనే. మేమిద్దరం ఆయన్ని కాకా అంటాం. ఆయన వచ్చి లారీ పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"పట్టీలు తీసుడెందుకురా? మాల్ ఎక్కియ్యి. బరువు పడ్తె లారీ పండుకుంటది."

"ఎంత బరువు కాకా?"

"పాత కమాన్లకైతె ముప్పై ఎనిమిది బస్తాలు. ముప్పై అయితె ఎగురుతది, నలభై అయిదైతె గుంతలల్ల కింద తగుల్తది. ముప్పై ఎనిమిదికి తొట్లెల పండినట్టుంటది. పన్నెండేండ్లు బస్తాల మీద కూసోని రాయచూరు పోయిన. నా నడుముకు తెలుసు."

ఏ పుస్తకంలోనూ లేని అంకె అది. నాకు ఇక లెక్క చెయ్యడం వచ్చింది. ముప్పై ఎనిమిదిలో సగం పంతొమ్మిది; తొమ్మిది పట్టీలున్న కుడి వైపుకు అది సరిపోతుంది. ఎడమ వైపు పన్నెండు పట్టీలు. పంతొమ్మిదిని పన్నెండుతో హెచ్చించి తొమ్మిదితో భాగిస్తే ఇరవై అయిదు. మొత్తం నలభై నాలుగు. మసిచేత్తో లారీ తలుపు మీదే రాశాను.

యజమాని దగ్గరికి వెళ్లాను. ఆయన రాత్రంతా మిల్లు అరుగు మీదే కూర్చుని ఉన్నాడట. నేను బస్తాల సంగతి చెప్పగానే లేచాడు.

"నలభై నాలుగేంటబ్బాయ్, గోడౌన్ తాళం ఇదిగో. తడిసినా పర్లేదు. ఆ ఏడో వరస... నేనే వెయ్యమన్నాను."

"పట్టీలు నేను ఎక్కించినవండీ" అన్నాను.

ఆయన తాళం నా చేతిలో పెట్టాడు.

హమాలీలు నలుగురు వచ్చారు. మా వైపు బస్తాలు లెక్కపెట్టేటప్పుడు మొదటి బస్తాను ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు అని పాటలా సాగుతుంది. ఆ రోజు మొదటి బస్తా దించినవాడు నోరు తెరిచి అన్న వైపు చూశాడు. తర్వాత చిన్నగా "ఒకటి" అన్నాడు.

బస్తాలు రెండు వైపులా సర్ది, మధ్యలో, ఇరుసుకు ముందుగా, క్యాబిన్ దగ్గర చోటు వదిలాం. అక్కడ కుదుపు తక్కువ. వరి ఊక నింపిన సంచులు ఆరు పరిచి, వాటి మీద చెక్కతో సహా అన్నను పెట్టి, కదలకుండా ధోవతులతో కట్టాం. టైర్లలో గాలి తగ్గించమన్నాను. ముందు టైర్లకు డ్రైవరు ఒప్పుకున్నాడు.

"పీఛేవాలే నక్కో, వెనకవి వద్దు. బరువుకు గాలి లేకపోతె వేడెక్కి ఫట్ మంటది. నీ అన్న రోడ్డు మీద ఉంటడు, నువ్వు పానా పట్టుకోని ఉంటవ్."

అన్నను ఎక్కించే ముందే మళ్లీ చెంబు నింపి తూము దాకా పోయి వచ్చాం. ఈసారి రెండు వేళ్ల నీళ్లు మాత్రమే ఒలికాయి. బయల్దేరాం. డ్రైవరు ఒక్కడే ముందు. వెనక అన్న తల దగ్గర నేను, కాళ్ల దగ్గర వదిన, బస్తాల మీద పెద్ద హమాలీ.

కాలవ గట్టు మీద అంతా సరిగ్గా నడిచింది. లారీ మెల్లగా మునిగి లేస్తోంది. అన్న కళ్లు మూసుకుని, "మంచిగున్నయ్‌రా నీ కమాన్లు. హమాలీలందర్నీ గిట్లనే తీస్కపోతె మేం లోడు ఎత్తం, పండుకుంటం" అన్నాడు.

"మాట్లాడకు."

"నడుము మాట్లాడ్తలేదు. నోరే గద."

పోతనాళ దాటాక నేను అతని కాళ్లు పరీక్షించాను. ఊకలోంచి ఒక గడ్డి పుల్ల తీసి వేలి నుంచి పైకి గీస్తూ వచ్చాను. ఎక్కడ తగులుతోందో చెప్పమన్నాను. కుడి కాలు మొత్తం తెలుస్తోంది. ఎడమ కాలికి చీలమండ దాటాక తెలిసింది. అక్కడ జేబులోని కాపీయింగ్ పెన్సిల్ తడిపి ఊదా గీత గీశాను. చీలమండకు పైన రెండు అంగుళాలు.

వాన మొదలైంది. యజమాని ఇచ్చిన టార్పాలిన్ అన్న మీద, వదిన మీద కప్పాం. ఇంకో గంటకు మళ్లీ పుల్లతో చూశాను. గీత పైకి జరగాల్సి వచ్చింది. నాలుగు అంగుళాలు. వదిన నా పెన్సిల్ వైపు చూసింది. ఆమెకు అర్థమైంది.

మాన్వి ఇంకా నాలుగైదు మైళ్లుందనగా ఒక వాగు. పైన కల్వర్టు పనిలో ఉంది, దారి పక్కకు మళ్లించి వాగులోకి దింపారు. దిగడం దిగాం. ఎక్కేటప్పుడు వెనక చక్రాలు నల్లమట్టిలో కూరుకుపోయాయి. డ్రైవరు ఒకసారి ఇంజను రేజు చేశాడు. చక్రాలు తిరిగాయి, లారీ ఇంకా కిందికి దిగింది. అన్న అరిచాడు. నేను క్యాబిన్ మీద దబదబా బాదాను.

"ఆపు! ఆపు భాయ్!"

డ్రైవరు దిగి మోకాళ్లలోతు బురదలో నిలబడి చూశాడు. "ఇంజినీర్ సాబ్, సీదా చెప్త. మాల్ దించాలె. ఇంత బరువుతోని ఇది రాదు."

"దించితే ఎగురుతది."

"దించకపోతె ఈడనే ఉంటది. వాగు పెరుగుతున్నది చూడు."

రెండూ నిజమే. ఏ బరువు అన్న నడుమును కాపాడుతోందో ఆ బరువే మమ్మల్ని ముంచుతోంది. ఎన్ని బస్తాలు తీస్తే లారీ కదులుతుంది, ఎన్ని ఉంచితే అన్న బతుకుతాడు అని లెక్క వేయడానికి ప్రయత్నించాను. నాకు ఒక్క అంకె కూడా రాలేదు. చిన్నప్పటి నుంచి ఏ భయం వచ్చినా అంకెలు లెక్కపెట్టుకునేవాణ్ణి. అక్కడ అవి కూడా రాలేదు. వానలో నిలబడి, "కాకా, ఏం చెయ్యాలె? ఏం చెయ్యాలె కాకా?" అని అడుగుతూనే ఉన్నాను. ఎన్నిసార్లు అడిగానో తెలియదు.

చక్రాల కింద వెయ్యడానికి రాళ్లు లేవు. రేగడి పొలాలు, చెట్టు కొమ్మ కూడా లేదు. ఊక సంచులు అన్న కింద ఉన్నాయి. ఉన్నవి వడ్ల బస్తాలు.

ఆ మాట ఎవరూ పైకి అనలేదు. గింజ కాలికి తగిలితే వంగి కళ్లకు అద్దుకునే మనుషులు మా వాళ్లు. కళ్లంలో చెప్పులు వేసుకుని నడవరు. ముప్పై ఏళ్లు వడ్లు మోసిన మనిషిని, వాటి మీదికి చక్రం ఎక్కించమని నేను అడగలేను. డ్రైవరు కూడా అడగలేదు, తల దించుకుని బురద వైపు చూస్తున్నాడు.

టార్పాలిన్ కింద నుంచి వదిన గొంతు వచ్చింది. "కాకా, వెయ్యి. నా మీద పాపం. వెయ్యి."

"నీ మీదెందుకు బిడ్డా" అన్నాడు పెద్ద హమాలీ. మొదటి బస్తా వీపు మీదికి తీసుకుని దిగాడు. దాన్ని చక్రం ముందు పెట్టి, రెండు చేతులతో తాకి కళ్లకు అద్దుకున్నాడు. నోట్లో ఏదో అనుకున్నాడు. రెండో బస్తాకు అలాగే చేశాడు. మూడోదానికి నేను సాయం పట్టాను. ఎనిమిది బస్తాలు, చక్రానికి నాలుగు చొప్పున. ఎడమ నుంచి అయిదు తీశాం, కుడి నుంచి మూడు, లారీ ఒక వైపుకు వాలకుండా. ఆ మేరకు అంకెలు నాకు తిరిగి వచ్చాయి.

నేను అన్న మీద వంగి, అతని భుజాలు చెక్కకు అదిమి పట్టుకున్నాను. వదిన కాళ్లు పట్టుకుంది.

"అన్నా, ఒక్క కుదుపు ఉంటది."

"తెలుసురా. కానియ్."

లారీ బస్తాల మీదికి ఎక్కింది. గోనె చిరిగిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. పైకి వచ్చి దబ్బున దిగింది. అన్న అరవలేదు. అరుపు కంటే దానికే నాకు ఎక్కువ భయం వేసింది. ముఖం చూస్తే కళ్లు తెరిచి ఉన్నాయి, పెదవి పళ్ల కింద ఉంది, రక్తం వస్తోంది. వెనక్కి చూస్తే బురదలో పచ్చగా వడ్లు పరుచుకుని ఉన్నాయి. పెద్ద హమాలీ వాటి వైపు చూడకుండా నడిచి వచ్చి ఎక్కాడు.

ముప్పై ఆరు బస్తాలతో లారీ ముందులా లేదు. ప్రతి గుంతా తెలుస్తోంది. డ్రైవరు ఎద్దుల బండి కంటే నెమ్మదిగా నడిపాడు. మాన్విలో ఆగి చూస్తే గీత పిక్క మధ్యకు వచ్చింది. కుడి కాలి మీద కూడా మొదటిసారి ఒక గీత పెట్టాల్సి వచ్చింది. పెన్సిల్ వంక చూసి అన్న అడిగాడు:

"ఏం రాస్తున్నవ్‌రా కాళ్ల మీద? బస్తాల లెక్కనా?"

"అవునన్నా."

"ఎన్నైనయ్?"

నేను టార్పాలిన్ అతని కాళ్ల మీదికి లాగాను.

మాన్వి నుంచి రాయచూరు దాకా దారి కొంత గట్టి పడింది, వాన తగ్గింది. నేను పుల్లతో గీస్తూ, పెన్సిల్‌తో గీస్తూ కూర్చున్నాను. అది ఎందుకు చేస్తున్నానో నాకే తెలియదు. డాక్టరుకు చూపించడానికని అనుకున్నాను. నిజానికి గీతలు గీయడం ఆపితే నేను లారీలోంచి దూకి పరిగెత్తేవాణ్ణేమో.

ఆసుపత్రి ముందు ఆగేసరికి ఇంకా వెలుతురు ఉంది. డాక్టరు లారీలోకే ఎక్కి వచ్చాడు. ఆయన కన్నడంలో అడుగుతున్నాడు, నేను తెలుగులో జవాబు చెబుతున్నాను. ఊదా గీతలు చూసి, ఇవి ఎవరు పెట్టారని అడిగాడు. నేనన్నాను. ఒక్కో గీతకూ టైము అడిగి కాగితం మీద రాసుకున్నాడు. తర్వాత రబ్బరు గొట్టం పెట్టి మూత్రం తీశారు. చెక్క మీద నుంచి దించకుండానే లోపలికి తీసుకుపోయారు. ఎడమ కాలి చివరి గీత మోకాలి పైన మూడు అంగుళాల దగ్గర ఉంది.

నేను బయట లారీ పక్కన కూర్చున్నాను. పెద్ద హమాలీ వచ్చి ఒక బీడీ వెలిగించుకున్నాడు.

"కాకా, ఆ పట్టీలు నేను ఎక్కించకపోయి ఉంటే..."

"ఎక్కించకపోతె లారీ కాలవల పడేది. అప్పుడు గా మాట అనేటోనివి." ఆయన బీడీ నుసి రాల్చాడు. "చెక్క చూసుకోవాల్సింది నేను. ముప్పై ఏండ్లు చెక్కలు పెట్టిన. ఏడు వరసలకు గా చెక్క చాలదని నాకు తెలుసు. నోరు తెర్వలే."

ఇది మూడేళ్ల కిందటి మాట. మిల్లులో ఇప్పుడు ఆరు వరసలే. లారీ ఎడమ బోల్టులు సింధనూరు నుంచి తెప్పించి, పాతవి కోసి, రెండు వైపులా తొమ్మిది పట్టీలకు దించాను. గట్టు మీద అది మళ్లీ కొంచెం ఒరుగుతుంది. డ్రైవరు మెల్లగా నడుపుతాడు. అన్న నాలుగు నెలలు ఆసుపత్రిలో ఉన్నాడు. మూత్రం తనంతట రావడానికి ఏడు వారాలు పట్టింది. కుడి కాలు పూర్తిగా వచ్చింది. ఎడమ కాలు ఈడుస్తూ, చేతికర్ర పట్టుకుని నడుస్తాడు, మిల్లు గేటు దగ్గర కూర్చుని బస్తాల లెక్క రాస్తాడు. ప్రతి నెలా మొదటి ఆదివారం నేను పుల్ల తీసుకుని అతని ముందు కూర్చుంటాను. "ఇంకెన్నేండ్లు గీకుతవ్‌రా" అంటాడు, అయినా కాలు చాపుతాడు. ఏడాదిన్నర పైగా గీత కిందికి దిగుతూ వచ్చింది. తర్వాత పద్నాలుగు నెలలుగా కదల్లేదు. మోకాలి కింద ఆరు అంగుళాలు.